తలకిందులైన చేప చచ్చిపోయినట్టు కాదు

పెంపుడు నేస్తాలు

బడికి బయల్దేరుతూ తొట్టి వైపు చూసిన పిల్లాడు ఒక్క కేక పెడతాడు. ‘అమ్మా... గోల్డీ చచ్చిపోయిందే!’ వంటింట్లోంచి అమ్మ, పేపరు పక్కన పడేసి నాన్న, జపమాల చేత్తో పట్టుకునే నానమ్మ... అందరూ తొట్టి చుట్టూ చేరతారు. నిన్నటిదాకా తోక ఊపుకుంటూ తిరిగిన బంగారు చేప పొట్ట పైకి పెట్టి నీళ్ల మీద తేలుతూ ఉంటుంది. ‘పాపం, పోయిందిరా. మొక్క మొదట్లో పాతిపెట్టేద్దాం’ అంటారు పెద్దవాళ్లు.

ఆగండి! ముందు దాని మొప్పల మూతల్ని చూడండి. నెమ్మదిగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయా? అయితే ఆ చేప బతికే ఉంది. నిటారుగా నిలబడలేకపోతోంది, అంతే. గోల్డ్‌ఫిష్‌ పెంచే ఇళ్లలో ఇది తరచూ కనిపించే సమస్యే. చాలాసార్లు ఇంట్లోనే సరిచేయొచ్చు కూడా. ఆ సంగతి తెలియకే ఎన్నో చేపలు ప్రాణం ఉండగానే చెత్తబుట్టలోకో, చెరువులోకో వెళ్లిపోతుంటాయి.

ఇంతకీ ఎందుకిలా జరుగుతుంది?

పొట్టలో రెండు బుడగలు

చేప మాంసం, ఎముకలు నీటికన్నా కాస్త బరువు. ఆ లెక్కన చేప ఈదడం ఆపగానే మునిగిపోవాలి. అలా మునగకుండా కాపాడేది పొట్టలో ఉండే గాలితిత్తి. గోల్డ్‌ఫిష్‌లో ఇది రెండు గదులుగా ఉంటుంది. ముందొక బుడగ, వెనకొక బుడగ. వీటిలో గాలి సరిగ్గా సరిపోయినంత ఉంటే చేప తేలదు, మునగదు. ఎక్కడ కావాలంటే అక్కడ హాయిగా నిలబడిపోతుంది.

ఈ గాలితిత్తి నుంచి ఓ సన్నటి గొట్టం ఆహారనాళంలోకి తెరుచుకుంటుంది. చేప పైకొచ్చి గుటక వేసిన గాలి అందులోంచి తిత్తిలోకి పోగలదు. ఎక్కువైతే అదే దారిన బయటికీ రాగలదు. అన్నట్టు, గాలితిత్తికి ఇంకో పనీ ఉంది. నీటిలోని శబ్దాలకు అది కంపిస్తుంది. ఆ కంపనాల్ని చిన్నచిన్న ఎముకలు లోపలి చెవికి చేరవేస్తాయి. అంటే అది చేపకు ఓ రకంగా కర్ణభేరి. తొట్టి అద్దం మీద టకటకా కొట్టొద్దని పిల్లలకు చెప్పేది ఇందుకే.

గాలితిత్తి తనంతట తాను పాడైనా, పక్కనున్న పేగులో, మూత్రపిండమో, అండాశయమో ఉబ్బి దాన్ని నొక్కినా లెక్క తప్పుతుంది. గాలి ఎక్కువైతే చేప పైకి తేలుతుంది. తక్కువైతే అడుగున కూలబడుతుంది. ముందు గదికీ వెనక గదికీ పొత్తు కుదరకపోతే తల కిందికీ తోక పైకీ వేలాడుతుంది. దుకాణాల్లో దీన్ని ‘స్విమ్‌ బ్లాడర్‌ జబ్బు’ అంటారు. నిజానికి ఇది ఒక జబ్బు పేరు కాదు. మనకు జ్వరం ఎలాగో దానికిది అలాగ... లోపల ఇంకేదో తేడా ఉందని చెప్పే గుర్తు మాత్రమే.

అందం తెచ్చిన తంటా

గోల్డ్‌ఫిష్‌ ఎక్కడి నుంచో ఊడిపడిన వింత చేపేం కాదు. మన చెరువుల్లోని బొచ్చె, శీలావతుల కుటుంబమే. వెయ్యేళ్లకు పైగా కిందట చైనాలో, బూడిదరంగు చేపల మధ్య అరుదుగా పుట్టే పసుపు, ఎరుపు పిల్లల్ని ఏరి పెంచడంతో దీని కథ మొదలైంది. తర్వాత అక్కడా జపాన్‌లోనూ రంగుతో ఆగకుండా ఆకారాన్నీ మార్చుకుంటూ పోయారు. రెండు తోకలు, తలమీద కిరీటంలాంటి కండ, బయటికి పొడుచుకొచ్చే కళ్లు, బంతిలాంటి పొట్ట... ఒరాండా, ర్యూకిన్‌, రాంచూ, లయన్‌హెడ్‌, బ్లాక్‌మూర్‌ అన్నీ అలా వచ్చినవే.

చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ పొడవాటి చేపను బంతిలా కుదిస్తే వెన్నెముక పొట్టిదవుతుంది. పేగులూ, కాలేయం, గాలితిత్తీ ఇరుకింట్లో కాపురం ఉన్నట్టు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. కొన్నిటికి వెనక బుడగ సరిగ్గా ఎదగదు కూడా. పైగా గోల్డ్‌ఫిష్‌కు మనలాంటి జీర్ణాశయం లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. కాస్త ఎక్కువ తిన్నా, తిన్నది లోపల ఉబ్బినా ఆ ప్రభావం గాలితిత్తి మీద పడుతుంది. అందుకే తలకిందులయ్యే బెడద గుండ్రటి రకాలకే ఎక్కువ. సన్నగా పొడుగ్గా ఉండే మామూలు గోల్డ్‌ఫిష్‌, కామెట్‌ రకాల్లో తక్కువ. కొత్తగా పెంచాలనుకునేవారు దుకాణానికి వెళ్లేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

ముందు నీళ్లు... తర్వాతే చేప

చేప తేలగానే మనం చేసే మొదటి పని దుకాణానికి పరుగెత్తడం. అతనో నీలిరంగు మందు సీసా చేతిలో పెడతాడు. తెచ్చి నాలుగు చుక్కలు వేస్తాం. రోగం ఏమిటో తెలియకుండా వేసే ఆ మందుతో మేలుకన్నా కీడే ఎక్కువ. ఎందుకంటే మిథిలీన్‌ బ్లూ లాంటివి ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియానూ దెబ్బతీస్తాయి.

ఆ బ్యాక్టీరియా గొడవ ఏమిటంటారా? చేప మొప్పల్లోంచీ, అది విసర్జించే మలంలోంచీ, మిగిలిపోయి కుళ్లిన మేతలోంచీ నీళ్లలోకి అమ్మోనియా చేరుతుంది. అది విషం. ఫిల్టర్‌ స్పాంజిలో స్థిరపడిన బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది కాస్త నయం. కొత్త తొట్టిలో ఈ ఏర్పాటు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోపే నాలుగైదు చేపలు వేసి, పిల్లల సరదాకొద్దీ రోజుకు ఐదుసార్లు మేత వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నీరు కంటికి తేటగానే కనిపిస్తుంది. చేపకు మాత్రం ఊపిరాడదు. నీరసించి, అదుపు తప్పి ఓ పక్కకు ఒరిగిపోతుంది.

నీటిని పరీక్షించే చుక్కల మందు కిట్లు అక్వేరియం దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. అమ్మోనియా సున్నా, నైట్రైట్‌ సున్నా ఉండాలి. నైట్రేట్‌ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరునీళ్లు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. పీహెచ్‌ ఎక్కువగా ఉన్న నీటిలో, అందులోనూ ఎండాకాలం వేడిలో, అదే అమ్మోనియా మరింత విషమవుతుంది.

కిట్‌ లేదా? ఫర్వాలేదు. చేప ఒరిగిన రోజే మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చేయండి. ఆ తర్వాత మూడు నాలుగు రోజులు రోజూ పావు వంతు మార్చండి. దీనివల్ల పోయేదేమీ లేదు. అయితే నాలుగు నియమాలు పాటించాలి.

* కుళాయి నీళ్లలో క్లోరిన్‌ ఉంటుంది. బకెట్‌లో పట్టి మూత లేకుండా ఒకరోజు ఉంచాలి. లేదా దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్‌ చుక్కలు కలపాలి.

* కొత్త నీళ్లూ పాత నీళ్లూ చేతికి ఒకే చల్లదనంతో తగలాలి. ఒక్కసారిగా చన్నీళ్లు పోస్తే చేపకు మరో దెబ్బ.

* ‘శుభ్రంగా ఉంటాయి కదా’ అని మంచినీళ్ల క్యాన్లతో తొట్టి నింపొద్దు. ఆర్‌ఓ నీటిలో చేపకు కావలసిన ఖనిజాలు ఉండవు.

* ఫిల్టర్‌ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే నాలుగుసార్లు పిండి పెట్టేయండి. లేకపోతే మంచి బ్యాక్టీరియా కొట్టుకుపోయి కథ మళ్లీ మొదటికొస్తుంది.

లంఖణం పరమౌషధం

నీళ్ల పని అయ్యాక పొట్ట పని. నీటిమీద తేలే మేత కోసం చేప పైకొచ్చి గబగబా నోరు తెరుస్తుంది. మేతతోపాటు గాలీ మింగుతుంది. ఎండు గుళికలు పేగులో నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. మలబద్ధకం మొదలవుతుంది. పొట్ట ఉబ్బి, మలం దారంలా వేలాడుతూ, తిన్న కాసేపటికి చేప తేలుతోందంటే అనుమానం మేత మీదికే పోవాలి.

దీనికి మన పెద్దలు చెప్పిన మందే మొదటి మందు. రెండు మూడు రోజులు మేత పూర్తిగా ఆపేయండి. ‘అయ్యో, ఆకలికి చచ్చిపోదూ’ అని నానమ్మలు కంగారుపడనక్కర్లేదు. ఎదిగిన ఆరోగ్యమైన గోల్డ్‌ఫిష్‌ కొన్ని రోజులు మేత లేకుండా ఉండగలదు. బొత్తిగా చిన్న పిల్లలకు మాత్రం ఇది వద్దు.

ఆ తర్వాత పచ్చిబఠానీ. ఇదేదో చిట్కా వైద్యం అనుకునేరు. అమెరికాలో నార్త్‌ కరోలినాకు చెందిన పశువైద్య నిపుణుడు గ్రెగ్‌ లూబార్ట్‌ తేలిపోయే చేపలకు పచ్చిబఠానీ పెట్టడం గురించి 2000లో వైద్య పత్రికలోనే రాశారు. ఒక బఠానీ గింజను మెత్తగా ఉడికించి, తొక్క తీసి, చేప నోటికి పట్టేంత ముక్కలు చేసి వేయాలి. ఉప్పూ నూనే తగలకూడదు. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే బఠానీ అయినా పనికొస్తుంది. రోజుకు ఒకసారి, ఒక్కో చేపకు ఒక్క గింజ. రెండు మూడు రోజులు చాలు. బఠానీలో పీచుంది. పైగా అది నీళ్లలో మునుగుతుంది కాబట్టి దాన్ని తినడానికి చేప పైకి రానక్కర్లేదు, గాలి మింగనక్కర్లేదు. కారణం మేతే అయితే ఈ వారంలో తేడా కనిపిస్తుంది. కారణం ఇంకేదైనా అయితే బస్తా బఠానీలు పెట్టినా చేప నిలబడదు. ఆ తేడా తెలుసుకోవడానికే ఈ వారం గడువు.

ఉప్పు సంగతీ చాలామంది అడుగుతుంటారు. లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా కలిపితే నీరసించిన చేపకు కాస్త ఆసరా. నైట్రైట్‌ విషానికి అది విరుగుడు కూడా. అంటే నలభై లీటర్ల తొట్టికి నలభై గ్రాములు. గుప్పెళ్ల లెక్కన వేయొద్దు. మందుల దుకాణంలో దొరికే ఎప్సమ్‌ సాల్ట్‌ వేరు, మనం కూరలో వేసే ఉప్పు వేరు. అది మలబద్ధకానికి వాడేదే అయినా మోతాదు వైద్యుణ్ని అడిగే వేయాలి.

చలికీ దీనికీ కూడా సంబంధం ఉంది. 18 నుంచి 24 డిగ్రీల మధ్య గోల్డ్‌ఫిష్‌కు హాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్లు బాగా చల్లబడితే అరుగుదల మందగిస్తుంది. ఆ రోజుల్లో మేత తగ్గించాలి. మంచం పట్టిన చేపకు మాత్రం హీటరుతో నెమ్మదిగా, రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున వెచ్చదనం పెంచొచ్చు.

మంచం పట్టినప్పుడు సేవ ఇలా...

పైకి తేలిపోయే చేపకు అసలు ప్రమాదం తేలడం వల్ల కాదు. నీటి బయట ఉండిపోయిన పొట్ట భాగం ఎండిపోయి పుండు పడుతుంది. ఆ పుండులోంచి ఇన్‌ఫెక్షన్‌ లోపలికి పోతుంది. అడుగున పడిపోయే చేపకు పొట్ట కింద ఒరిపిడితో అదే తంటా. మిగతా చేపలు వచ్చి పొడిచే ప్రమాదం ఉండనే ఉంది.

అందుకే జబ్బుచేపను వీలైతే విడిగా ఓ వెడల్పాటి టబ్బులో ఉంచాలి. నీళ్లు జానెడు లోతుంటే చాలు. ఎక్కువ లోతుంటే పైకీ కిందికీ ఈదలేక అలసిపోతుంది. గాలి బుడగల పంపు మెల్లగా నడవాలి. అడుగున గులకరాళ్లు లేకుండా నున్నగా ఉండాలి. వెలుతురు తక్కువగా ఉంటే చేప కుదురుగా ఉంటుంది. టబ్బులో ఫిల్టర్‌ ఉండదు కాబట్టి రోజూ నీళ్లు మార్చడం మరవొద్దు. అడుగున పడిన చేపకు మేతను వేళ్లతో నోటి దగ్గరికి అందిస్తే కొద్ది రోజుల్లోనే అలవాటు పడుతుంది. చేయి కనిపించగానే నోరు తెరుస్తుంది. ఈ పని పిల్లలకు అప్పగించి చూడండి... చేపకన్నా ముందు వాళ్లే కోలుకుంటారు!

వైద్యుడి దగ్గరికి ఎప్పుడు?

పొలుసులు పైకి లేచి ఒళ్లంతా దేవదారు కాయలా కనిపించినా, ఒంటిమీద ఎర్రటి మచ్చలో పుండ్లో వచ్చినా, పొట్ట ఒకవైపే ఉబ్బినా, వారం గడిచినా ఏ మార్పూ లేకపోయినా ఇంటివైద్యం ఆపేయాలి. ఇన్‌ఫెక్షన్‌, కణితి, మూత్రపిండాల్లో నీటిబుడగలు, పొట్టలో నిలిచిపోయిన గుడ్లు... కారణం వీటిలో ఏదైనా కావచ్చు. ఎక్స్‌రేలో గాలి స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి తిత్తి ఎంత ఉబ్బింది, ఎటు జరిగింది అన్నది ఎక్స్‌రే సౌకర్యమున్న పశువైద్యశాలలో తెలుసుకోవచ్చు. అవసరమైతే వైద్యులు సన్నటి సూదితో గాలి తీస్తారు. ఇంట్లో ఎవరూ ఆ ప్రయోగం చేయొద్దు. అలాగే, యాంటీబయోటిక్‌ మాత్రలు పొడిచేసి తొట్టిలో చల్లడమూ వద్దు.

చేపల పెంపకంలో దేశంలోనే ముందున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌. కైకలూరు, భీమవరం వైపు చెరువుల్లో చేపకు జబ్బు చేస్తే సలహా చెప్పేవారికి కొదవలేదు. హాల్లోని తొట్టి చేపను చూసే వైద్యులు మాత్రం అన్నిచోట్లా దొరకరు. అలాంటప్పుడు దగ్గర్లోని పశువైద్య కళాశాలనో, నెల్లూరు దగ్గర ముత్తుకూరులో ఉన్నలాంటి మత్స్యశాస్త్ర కళాశాలనో సంప్రదించి చూడొచ్చు. వెళ్లేటప్పుడు తొట్టి నీళ్లు ఓ సీసాలో పట్టుకెళ్లడం మరిచిపోకండి. చేపకన్నా ఆ సీసానే ఎక్కువ చెప్పొచ్చు.

నిలబడకపోయినా బతకొచ్చు

అన్నీ చేసినా కొన్ని చేపలు మళ్లీ నిటారుగా ఈదవు. అంతమాత్రాన వాటి పని అయిపోయినట్టు కాదు. మేత తింటూ, మనిషి అలికిడికి స్పందిస్తూ, ఒంటిమీద పుండ్లు లేకుండా ఉన్న చేప ఒరిగే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతుకుతుంది. 2017లో అమెరికాలోని టెక్సాస్‌లో అక్వేరియం దుకాణంలో పనిచేసే ఓ యువకుడు ఇలాంటి గోల్డ్‌ఫిష్‌కు గాలిపంపు గొట్టం ముక్కలతో ‘చక్రాల కుర్చీ’ లాంటిది కట్టాడు. పైన తేలే చిన్న ముక్క, కింద కాస్త బరువు... అంతే, చేప నిటారుగా నిలబడింది. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అయితే ఇలాంటివి ఒంటికి రాసుకుంటే పుండ్లు పడతాయి. సరదాకు అందరూ చేసే పని కాదు.

మేత మానేసి, పుండ్లు ముదిరి, ఊపిరికే అవస్థ పడుతుంటే మాత్రం ఇక ఆశ పెట్టుకోవడం మన తృప్తికోసమే. బాధ లేకుండా సాగనంపే పద్ధతి వైద్యుల దగ్గర ఉంటుంది. మత్తిచ్చే మందు మోతాదు పెంచి నిద్రలోనే పోనిస్తారు. కాళ్లకింద నీళ్లొచ్చే ఆ సమయంలో కూడా రెండు పనులు చేయొద్దు. ఒకటి, టాయిలెట్‌లో వేసి నీళ్లు కొట్టడం. రెండు, ‘పోనీలే, ఎక్కడో బతుకుతుంది’ అని చెరువులో వదిలేయడం. 2021లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం బర్న్స్‌విల్‌లో జనం ఇలా వదిలిన గోల్డ్‌ఫిష్‌లు సరస్సులో బారెడు కాకపోయినా జానెడుకు మించి పెరిగి, అడుగంతా కెలికి నీటిని పాడుచేశాయి. పెంపుడు చేపల్ని దయచేసి చెరువుల్లో వదలొద్దని ఆ ఊరి పాలకులు వేడుకోవాల్సి వచ్చింది.

మళ్లీ ఇలా జరగకుండా...

* గుండ్రటి గాజుబౌలు అలమరలోకి, చేప తొట్టిలోకి. మూడు నాలుగు లీటర్ల నీరు ఒక్క చేప విసర్జనకే చాలదు. ఇటలీలోని రోమ్‌ నగరమైతే 2005లో గోల్డ్‌ఫిష్‌ను బౌల్‌లో పెంచడాన్నే నిషేధించింది.

* రెండు గోల్డ్‌ఫిష్‌లకు కనీసం వంద లీటర్ల నీళ్లుండాలి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు తొట్టిలో దాదాపు అన్ని పడతాయి.

* రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయాలి. తేలే గుళికల బదులు మునిగేవి కొనాలి. వేసేముందు రెండు నిమిషాలు తొట్టి నీళ్లలో నానబెట్టాలి.

* వారంలో ఒకరోజు ఉపవాసం, ఒకరోజు ఉడికించిన పాలకూరో బఠానీయో పెడితే పేగులు తేలికపడతాయి.

* వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. ఆ రోజు పేరు క్యాలెండర్‌లో పిల్లలతోనే రాయించండి.

* మేత వేసే బాధ్యత ఇంట్లో ఒక్కరిదే. అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి, వచ్చిన చుట్టాలు ఒకసారి వేస్తే లెక్క తప్పుతుంది.

గోల్డ్‌ఫిష్‌ అంటే నాలుగు నెలల ముచ్చట అనుకుంటాం. చక్కగా చూసుకుంటే పదేళ్లు, పదిహేనేళ్లు మామూలుగా బతుకుతుంది. ఇంగ్లండ్‌లో టిష్‌ అనే గోల్డ్‌ఫిష్‌ను 1956లో ఒక పిల్లాడు జాతరలో గెలుచుకున్నాడు. అది 1999 దాకా, అంటే 43 ఏళ్లు బతికి గిన్నిస్‌ పుస్తకంలోకెక్కింది. తెచ్చిన పిల్లాడు పెద్దవాడై నడివయసుకొచ్చేదాకా అది ఈదుతూనే ఉందన్నమాట. మీ తొట్టిలోని చేపకూ అంత ఆయుష్షు ఉండకపోవచ్చు. ఉన్నంతకాలం నిటారుగా ఈదే అవకాశం మాత్రం చాలావరకు మీ చేతిలోని మేత డబ్బాలో, వారానికోసారి మోసే ఆ రెండు బకెట్ల నీళ్లలో ఉంది.